పదిహేనేళ్ల మొజావే, నాలుగు పిట్టకథలు

ఆటల ప్రపంచంలో పదిహేనేళ్లు చిన్న కాలం కాదు. ఈలోగా కన్సోళ్లు తరాలు మారాయి, డిస్కు కొనుక్కునే అలవాటు దాదాపు పోయింది, వేలాది గేములు వచ్చి మరుగున పడ్డాయి. 2010 అక్టోబరు 19న అమెరికాలో విడుదలైన ‘ఫాలౌట్: న్యూ వెగాస్’ను మాత్రం జనం ఇప్పటికీ ఆడుతున్నారు, దాని గురించి ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్ సుమారు పద్దెనిమిది నెలల్లో తయారుచేసిన గేమ్ ఇది, విడుదల చేసింది బెథెస్డా. తొలినాళ్లలో బగ్స్‌తో సతాయించినా, కథ చెప్పే రోల్ ప్లేయింగ్ ఆటలకు ఇవాళ ఇదే ఒక కొలబద్ద. ‘ఫాలౌట్’ టీవీ సిరీస్ రెండో సీజన్ కూడా కథను న్యూ వెగాస్ దారి పట్టించింది. ఈ సందర్భంలో మెయిన్ గేమ్‌ను పొగిడేవారికి కొదవ లేదు. ఇక్కడ చెప్పుకోవలసింది ఆ తర్వాత తొమ్మిది నెలల వ్యవధిలో వచ్చిన నాలుగు డీఎల్‌సీల (డౌన్‌లోడ్ చేసుకునే అదనపు కథల) సంగతి. పెద్ద గేమ్ చేయలేని సాహసం చేయడానికే డీఎల్‌సీ ఉండాలని నిరూపించినవి అవే.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఆ కథాలోకంలో 2077 అక్టోబరు 23న అణుయుద్ధం జరిగి ప్రపంచం బూడిదైపోయింది. రెండు వందల ఏళ్లు దాటాక, 2281లో, మొజావే ఎడారిలో పార్సిళ్లు చేరవేసే ఒక కొరియర్‌ను బెన్నీ అనేవాడు తలకు గురిపెట్టి కాల్చి గోతిలో పూడ్చేస్తాడు. చావు తప్పి బయటపడిన ఆ కొరియరే మనం. హూవర్ డ్యామ్ కోసం ఎన్‌సీఆర్ అనే గణతంత్రం, బానిసల వెట్టితో బతికే సీజర్ లీజియన్, వెగాస్‌ను గుప్పిట్లో పెట్టుకున్న మిస్టర్ హౌస్ తలపడుతుంటే ఎవరి పక్షాన నిలవాలో మనమే తేల్చుకోవాలి. ఎక్కడికైనా తిరగవచ్చు. దొరికిందల్లా పోగేసుకోవచ్చు. ఎవరితోనైనా చేతులు కలపవచ్చు. కొరియర్ గతం ఏమిటన్నది చాలా మటుకు మన ఊహకే వదిలేస్తారు. మెయిన్ గేమ్ ఆటగాడికి ఇచ్చిన మాటలివి. నాలుగు డీఎల్‌సీలూ తలా ఒక మాట తప్పాయి. వాటి బలం అక్కడే ఉంది.

అంతకుముందు ఈ సిరీస్‌లో డీఎల్‌సీలు లేవని కాదు. 2008లో వచ్చిన ‘ఫాలౌట్ 3’కి మరుసటి ఏడాది అయిదు వచ్చాయి. ‘ఆపరేషన్ ఎంకరేజ్’ అలాస్కా యుద్ధాన్ని సిమ్యులేషన్‌లో చూపించి, కాల్పులు అయ్యాక మంచి కవచం చేతికిచ్చింది. ‘బ్రోకెన్ స్టీల్’ అసలు ముగింపునే మార్చి, ఆగిపోయిన ఆటను ముందుకు నడిపించింది. లెవెల్ పరిమితిని 20 నుంచి 30కి పెంచింది. పిట్స్‌బర్గ్ శిథిలాల్లో నడిచే ‘ద పిట్’ మాత్రం గట్టి ధర్మసంకటమే పెట్టింది: బానిసల విముక్తి కోసం ఒక పసిబిడ్డను కన్నవారి నుంచి ఎత్తుకుపోవచ్చా? మంచి ప్రశ్నే. కానీ ఆ అయిదూ దేనికది. ఒకటి ఆడితే ఇంకొకదాని అర్థం మారేది కాదు.

న్యూ వెగాస్ మొదటి డీఎల్‌సీ ‘డెడ్ మనీ’ 2010 డిసెంబరు 21న ముందుగా ఎక్స్‌బాక్స్ 360లో వచ్చింది. మనం అడుగుపెట్టగానే అది ఆటగాడి సామానంతా లాగేసుకుంటుంది. ఏళ్ల తరబడి దాచుకున్నట్టు భద్రపరుచుకున్న తుపాకులు, మందులు, కవచాలు ఏవీ ఉండవు. మెడకు బాంబు పట్టీ ఉంటుంది. సియెర్రా మాద్రే అనే కాసినో చుట్టూ ఎర్రటి విషపు పొగ. ఎక్కడో మూల పాత రేడియో మోగుతుంటే దాని సిగ్నల్‌కు పట్టీ బీప్ బీప్‌మంటుంది. ఆ రేడియోను వెతికి ఆపాలి, లేదా వెనక్కి పరుగెత్తాలి. తాత్సారం చేస్తే తల ఎగిరిపోతుంది. తోడుగా ఉన్న ముగ్గురి పట్టీలూ మన పట్టీతో ముడిపడి ఉంటాయి కాబట్టి, నచ్చనివారిని వదిలేసి పోవడానికి లేదు. విడుదలైనప్పుడు చాలామంది దీన్ని తిట్టిపోశారు. సందులన్నీ ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదులో నిజముంది. కానీ ఆ తిట్లలో ఎక్కువ భాగం దాని ఉద్దేశం సరిగ్గా తగిలినందుకు వచ్చినవే.

ఆ ఉద్దేశం చివర్లో, ఖజానా గదిలో తేటతెల్లమవుతుంది. అక్కడ 37 బంగారు కడ్డీలు ఉంటాయి. ఒక్కో కడ్డీ విలువ, ఆ లోకపు డబ్బయిన క్యాప్స్‌లో, పదివేలకు పైమాటే. మొజావేలో అది ఊహకందని సంపద. ఒక్కో కడ్డీ బరువు 35 పౌండ్లు. మొత్తం 1,295 పౌండ్లు. మధ్యస్థ బలం ఉన్న కొరియర్ మోయగలిగేది 200 పౌండ్లు. అంతకు మించితే పరుగెత్తలేడు, ఈడ్చుకుంటూ నడవాల్సిందే. అవతల మన మెడకు పట్టీ వేసి ఇంత కుట్రా పన్నిన ఫాదర్ ఎలైజా వస్తున్నాడు, బయటపడే వ్యవధి తక్కువ. ఎన్ని కడ్డీలు పట్టుకోవాలి? ఆ క్షణం వరకూ ఆట మనకు నేర్పిన విద్య పోగేయడం. ఇక్కడ బతకాలంటే వదిలెయ్యాలి. చూసిందల్లా ఎత్తి సంచిలో వేసుకున్న చేతులతోనే ఆశను కింద పెట్టించడం ఒక నీతి ఉపన్యాసం వల్ల అయ్యే పని కాదు. ఇంత కటువైన నియమాన్ని మెయిన్ గేమ్ మొత్తం మీద రుద్దితే సగం మంది మధ్యలోనే మానేసేవారు. కొద్ది గంటల కథ కాబట్టే అది సాధ్యమైంది.

2011 మే 17న వచ్చిన ‘ఆనెస్ట్ హార్ట్స్’ యూటాలోని జయన్ లోయకు తీసుకెళ్తుంది. ఎడారి దుమ్ము చూసి చూసి అలసిన కళ్లకు అక్కడ నది, ఎర్ర కొండలు, వాన. ముఖ్య కథ పేలవమే. రెండు తెగలను కాపాడటానికి ఊరు విడిచి పోవాలా, నిలబడి పోరాడాలా అన్న ఎంపిక ఒక్కటే, అదీ తొందరగా ముగుస్తుంది. కానీ కొండ గుహల్లో ఎవరూ వెళ్లమని చెప్పని కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో రాండల్ క్లార్క్ అనే సైనికుడి డైరీ ఉంది. యుద్ధంలో భార్యాబిడ్డలను పోగొట్టుకుని, ఒంటరిగా ఆ లోయలో దశాబ్దాలు బతికినవాడు. ముసలితనంలో, ఎక్కడి నుంచో పారిపోయి వచ్చిన పిల్లల గుంపు లోయలో కనబడితే, తాను ఎదురుపడకుండా వారికి సామాను, పుస్తకాలు, హెచ్చరికలు వదిలిపెట్టాడు. తన శవం ఆ పిల్లల కంటపడకూడదని చావుకు ముందు కొండెక్కాడు. మనం కాపాడే సారోస్ తెగ ఆ పిల్లల సంతానమే. గుహల్లోని తండ్రి అని వారు కొలిచే దైవం ఈ మనిషేనని వారికి తెలియదు, డైరీ చదివిన ఆటగాడికి మాత్రమే తెలుసు. దీనికి క్వెస్ట్ లేదు, మ్యాప్ మీద బాణం గుర్తు లేదు. ఒక డీఎల్‌సీ తన ఉత్తమమైన కథను ఓపికగా వెతికేవారి కోసం దాచిపెట్టింది.

జులై 19న వచ్చిన ‘ఓల్డ్ వరల్డ్ బ్లూస్’ స్వరమే మార్చేసింది. బిగ్ ఎంటీ అనే పరిశోధనా కేంద్రంలో శరీరాలు పోయి మెదళ్లు మాత్రమే మిగిలిన శాస్త్రవేత్తలు మన మెదడు తీసేసి మాటల్లోకి దిగుతారు. లోకాన్ని తగలబెడతానని బెదిరించే రొట్టెల టోస్టర్ దగ్గరి నుంచి లైటు స్విచ్చుల దాకా అన్నీ మాట్లాడతాయి. నాలుగింటిలో ఎక్కువమంది ఇష్టపడింది దీన్నే. మొదటి సంభాషణ సాగదీతను క్షమిస్తే ఆ ఇష్టం న్యాయమైనదే. అయితే నవ్వు కింద ఒక చేదు నిజం ఉంది. కేంద్రం ఒక మూల చైనా మూలాలవారిని బంధించిన లిటిల్ యాంగ్‌ట్జీ శిబిరం కనిపిస్తుంది. ‘డెడ్ మనీ’లో మన మెడకు పడ్డ బాంబు పట్టీని తొలుత పరీక్షించింది అక్కడి ఖైదీల మీదే. కాసినోను కమ్మిన విషపు పొగ పుట్టిందీ ఇక్కడే. అంతవరకు వేరే కథ అనుకున్నది ఒక్కసారిగా దీనికి కొనసాగింపు అయిపోతుంది.

సెప్టెంబరు 20న వచ్చిన చివరిది ‘లోన్‌సమ్ రోడ్’. ఎటైనా తిరగనిచ్చే ఆటలో ఇది ఒకే దారి. ఆ దారి చివర యులిసిస్ అనే మరో కొరియర్ కూర్చుని ఉంటాడు. ఒకప్పుడు నువ్వు మోసుకొచ్చిన పార్సిల్ వల్లే డివైడ్ అనే ఈ ఊరి కింద క్షిపణులు పేలాయని, నువ్వు వెనక్కి కూడా చూడలేదని నిలదీస్తాడు. మన ఊహకు వదిలేసిన గతంలోకి మనకు తెలియని నేరాన్ని తెచ్చి పెట్టడం చాలామందికి నచ్చలేదు. అభ్యంతరం సబబే. అయినా చెప్పించుకోవలసిన మాట అది. తన పని తాను చేసుకుపోయానని అనుకునే మనిషి వెనక ఏం మిగిలిందో అడగడం ఎవరో ఒకరు చేయాలి. ఆఖర్న క్షిపణులను ఎన్‌సీఆర్ మీదికి వదలాలా, లీజియన్ మీదికా, ఇద్దరి మీదికా, అసలు వద్దా అన్నది మన చేతిలో పెడతారు. ఆపాలంటే దారి పొడవునా వెంట వచ్చిన ఎడీ అనే చిన్న రోబోను కోల్పోవాలి.

హరికథలో పిట్టకథ అసలు కథకు కొత్త వెలుగు ఇస్తుంది. ఈ నాలుగూ ఆ పనే చేశాయి. పాత ప్రపంచం మీది మమకారాన్ని వదులుకోలేనివారి కథలే ఇవన్నీ. పోయిన సంపదను, కోల్పోయిన ఊరిని, పాత విజ్ఞానాన్ని, పాత జెండాను పట్టుకుని వేలాడేవారి కథలు. వీటిని ముగించి హూవర్ డ్యామ్ దగ్గరికి తిరిగొస్తే అక్కడి మూడు పక్షాలూ వేరేగా కనిపిస్తాయి. రోమన్ సామ్రాజ్యాన్ని, పాత అమెరికాను, పాత వెగాస్‌ను మళ్లీ నిలబెట్టాలన్న పట్టుదలే ఆ మూడింటినీ నడిపిస్తోందని అప్పుడు అర్థమవుతుంది. నాలుగింటినీ పోల్చి ఒకదానికి పట్టం కట్టమంటే మా ఓటు ‘డెడ్ మనీ’కే. వదులుకోవాలన్న మాటను ఆటగాడి చేత పనిగా చేయించింది అదొక్కటే. రాతలో మాత్రం రాండల్ క్లార్క్ డైరీని మించినది వీటిలో లేదు.

పెద్ద గేములో చోటు దొరకని ఆలోచనలకు కూడా ఇవి నీడనిచ్చాయి. ‘ఆనెస్ట్ హార్ట్స్’లోని జాషువా గ్రాహం, 2003లో రద్దయిన ‘వాన్ బ్యూరెన్’ అనే ఫాలౌట్ గేమ్ కోసం పుట్టిన పాత్ర. దాని మీద పనిచేసిన జాష్ సాయరే తర్వాత న్యూ వెగాస్‌కు దర్శకుడయ్యాడు. యులిసిస్‌ను మొదట మెయిన్ గేమ్‌లో తోడు పాత్రగా అనుకుని తీసేశారు. ఆ తర్వాత పరిశ్రమ వేరే దారి పట్టింది. 2016లో ‘ఫాలౌట్ 4’కు వచ్చిన ఆరింటిలో మూడు ప్రధానంగా కట్టుకునే సామాను. సీజన్ పాస్ ధరను మధ్యలో 30 డాలర్ల నుంచి 50కి పెంచారు. వాటిలో ‘ఫార్ హార్బర్’ ఒక్కటే, నీకు గుర్తున్న తొలి జ్ఞాపకం ఏదని హీరోను అడిగి, అతని మనిషితనాన్నే ప్రశ్నించి ఈ వారసత్వాన్ని నిలబెట్టింది. ఎప్పటికీ ముగియని ఆన్‌లైన్ సీజన్ల కాలంలో, ముగింపు ఉన్న చిన్న కథ చెప్పే తెగువ తగ్గిపోతోంది.

మన దేశానికి ఈ సిరీస్ వచ్చిన తీరు కూడా గుర్తుచేసుకోవాలి. 2008లో సాంస్కృతిక సున్నితత్వాల దృష్ట్యా ‘ఫాలౌట్ 3’ని ఇక్కడ విడుదల చేయడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఏ సున్నితత్వమో చెప్పలేదు. ఆటలో బరువులు మోసే రెండు తలల ఆవుకు పెట్టిన బ్రామిన్ అనే పేరే కారణమని చాలామంది భావించారు. ఆ పేరును పోలిన బ్రాహ్మన్ అనే పశుజాతి అమెరికాలో ఉంది, దాని మూలాల్లో మన ఒంగోలు జాతి కూడా ఉంది. ఆనాడు రానివ్వని సిరీస్ నేడు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకోగలిగేంత దగ్గరకొచ్చింది. ఆడేవారు ఈ నాలుగింటినీ విడుదలైన వరుసలోనే ఆడాలి. హైదరాబాద్‌లో గేముల తయారీలో ఉన్న యువత వీటిని పాఠంగా చదవాలి. చిన్న బృందానికి, తక్కువ వ్యవధికి తగినవి విశాలమైన మ్యాపులు కావు, ఒక్క నియమాన్ని తెగించి మార్చే కథలు.

ఇక ఒక డిమాండ్. నేటి కంప్యూటర్లలో న్యూ వెగాస్ కుదురుగా నడవాలంటే ఇప్పటికీ అభిమానులు ఉచితంగా చేసిపెట్టిన ప్యాచ్‌లే దిక్కు. 2018లో అబ్సిడియన్‌ను, 2021లో బెథెస్డా మాతృసంస్థను మైక్రోసాఫ్ట్ కొనేసింది. తయారుచేసిన చేతులు, హక్కులు ఉన్న చేతులు ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి. కాబట్టి సాకులకు తావు లేదు. పదిహేనేళ్ల పండగకు బొమ్మలు, టీషర్టులు అమ్మడం కన్నా ముందు ఈ గేమ్‌ను, దాని నాలుగు డీఎల్‌సీలతో సహా, బగ్స్ సరిచేసి, రాబోయే తరం యంత్రాల మీద నడిచేలా నిలబెట్టడం యజమాని బాధ్యత. పుస్తకాన్ని, సినిమాను భద్రపరచాలని ఒప్పుకున్న సమాజం ఆటను కూడా అదే వరుసలో పెట్టాలి.