తడిసిన ఘాటు, పాత జీపు

వానాకాలం వచ్చిందంటే అనంతగిరికి జనం బారులు కడతారు. హైదరాబాదుకు డెబ్భై ఎనభై కిలోమీటర్ల దూరం, మూసీ పుట్టిన చోటు, అనంత పద్మనాభస్వామి గుడి, కొండంతా పచ్చదనం. రాకేం చేస్తారు? ఆ వచ్చేవారిలో కొన్నేళ్ళుగా ఒక ప్రత్యేకమైన వర్గం కనిపిస్తోంది. ఇరవై, ముప్ఫై ఏళ్ళ నాటి జీపులను, జిప్సీలను వెదికి కొని, వాటికి కొత్త రంగులు వేయించి, గడ్డలు గడ్డలుగా ఉండే పెద్ద టైర్లు తొడిగి, ఆదివారం తెల్లవారేసరికి వికారాబాదు చేరేవారు. వారితో నాకు పేచీ లేదు. పాత యంత్రాన్ని పారవేయక బ్రతికించుకొనేవారంటే నాకు గౌరవమే. నా పేచీ వారి నమ్మకంతో. "ఇది కొండలెక్కే బండి, వాన దీన్నేం చేస్తుంది?" అన్నది ఆ నమ్మకం. బురదలో ఆ బండి ఎంత ఘనమైనదో, తడిసిన తారు మీద అంత బలహీనమైనదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

ముందుగా నాలుగు చక్రాల సంగతి. పాత జీపుకు ఇంజను బలం మామూలుగా వెనుక చక్రాలకే అందుతుంది. పక్కనున్న చిన్న గేరు వేస్తే ముందు చక్రాలకు కూడా పోతుంది. బురదలో దిగబడినప్పుడు ఇది వరమే. కానీ బ్రేకు అన్నది ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉంటుంది. కనుక ఆగవలసి వచ్చినప్పుడు జీపుకు కారు కంటే ఎక్కువేమీ లేదు. తాండూరు మెకానిక్కు ఒకాయన ఈ విషయాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "సారూ, ఫోర్ వీలు పోనీకి పనికొస్తది గానీ, ఆగనీకి పనికిరాదు." ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

పైగా ఆ పాత పద్ధతిలో ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే ఏదో ఒక చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద ఆ సర్దుబాటుకు చోటుండదు. బండి తిరగనని మొరాయిస్తుంది. స్టీరింగు ఎంత తిప్పినా ముక్కు నిటారుగా లోయ వైపే పోతుంది. అనంతగిరి ఘాటులోని ఒంపుల్లో, వానలో, ధైర్యం కోసం ఫోర్ వీలు వేసుకొని దిగేవారిని చూస్తే నాకు భయం వేసేది అందుకే.

ఇక ఆ బండి కట్టడం. రెండవ ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపుకు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు, ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య 49 అంగుళాలు. మనిషి చేతులు చాచినంత వెడల్పయినా లేదన్నమాట. మహీంద్రా వారి జీపులు ఆ వంశంలోనివే. 1985 చివర్లో వచ్చిన మారుతీ జిప్సీ ఇరుసుల మధ్య దూరం 2375 మిల్లీమీటర్లు, అదీ పొట్టిదే. పొట్టి బండి వాగు గట్టు మీద చక్కగా ఒదుగుతుంది. జారినప్పుడు మాత్రం బొంగరంలా తిరుగుతుంది. పొడుగు బండి వెనుక భాగం జారడం మొదలైతే సరిదిద్దుకోవడానికి క్షణమో అరక్షణమో దొరుకుతుంది. పొట్టి జీపు ఆ వ్యవధిని ఇవ్వదు. దానికి ఎత్తు తోడు, పట్టీల స్ప్రింగులు తోడు. గట్టిగా బ్రేకు తొక్కితే బరువంతా ముందుకు వాలుతుంది, తేలికపడిన వెనుక చక్రాలు బిగుసుకుంటాయి, తోక పక్కకు వస్తుంది.

ఒకప్పుడు తాండూరు చుట్టుపక్కల పల్లెలకు జీపులే సర్వీసు బస్సులు. లోపల పదిమంది, వెనుక వేలాడుతూ నలుగురు, పైన జొన్నల మూటలు. అది మంచి పద్ధతని అనను. కానీ ఆ బరువు వెనుక చక్రాల మీద ఉండేది, బండి ముప్ఫై దాటేది కాదు. నేడు అదే జీపులో ఇద్దరు కూర్చుని, వెనుక భాగం ఖాళీగా, డెబ్భైలో పోతున్నారు. బండి ఒకటే, నడక వేరు.

చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ మన దేశంలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుండి. 2010లో వచ్చిన మొదటి తరం థార్‌కు కూడా అది చేరింది 2019లోనే. అంతకు ముందరి జీపుల్లో ఆ పని మన కుడి కాలు చేయాలి. ఎంతమంది కాలికి ఆ శిక్షణ ఉంది?

అసలు విషయం టైరు దగ్గర ఉంది. బండి రోడ్డును తాకేది అరచేయంత మేర నాలుగు చోట్ల. తడి రోడ్డు మీద టైరు చేయవలసిన పని రెండు రకాలు. లోతు నీటిని గాళ్ళ గుండా పక్కకు తోసేయాలి. ఆ తరువాత మిగిలే పలుచని తడి పొరను చీల్చుకొని రాతి గరుకును పట్టుకోవాలి. రెండో పనికి కావలసినవి మెత్తని రబ్బరూ, దాని మీద కత్తితో గీసినట్టుండే సన్నని చీలికలూ. ఆ చీలికలకు 1923లో పేటెంటు పొందిన జాన్ సైప్ పేరుమీదుగా వాటిని సైపులంటారు. బురద టైరు సంగతి చూడండి. గడ్డకూ గడ్డకూ మధ్య వేలు దూరేంత సందు, అది బురద దులిపేయడానికి. లోతు నీటికి ఆ సందులు మంచివే, అబద్ధమెందుకు? కానీ సందులున్న మేర రబ్బరు రోడ్డును తాకదు. తాకే గడ్డలు రాళ్ళకు చీలిపోకుండా గట్టి రబ్బరుతో చేసినవి, చాలావాటికి సన్నని చీలికలే ఉండవు. అనంతగిరి ఘాటు మీద వానలో ఉండేది లోతు నీరు కాదు, పలుచని పొర. అంటే ఆ టైరు ఏ పనిలో తక్కువో ఆ పనే అక్కడ పడుతుంది.

చిన్న లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం జారకుండా బ్రేకు వేస్తే, రోడ్డు పట్టు 0.7 ఉన్న పొడి తారు మీద సుమారు 20 మీటర్లలో ఆగుతాం. పట్టు 0.4కు దిగితే 35 మీటర్లు. అది 0.2కు పడిపోతే 70 మీటర్లు. బ్రేకు మీద కాలు పడేలోగా గడిచే ఒక సెకనులో పోయే 17 మీటర్లు దీనికి అదనం. ఘాటులో దిగుడు ఉంటే మరికొంత. అక్కడి మలుపుల్లో డెబ్భై మీటర్ల అవతల ఏముందో కనబడదు సుమా!

పట్టు 0.2కు ఎందుకు పడుతుందంటారా? ఆ రోడ్డు ఎక్కడిదో చూడాలి మరి. వికారాబాదు మిట్ట మీద ఎర్రని జేగురు నేల. ఘాటు దిగి ధారూరు మీదుగా తాండూరు వైపు పోతుంటే నల్లరేగడి మొదలవుతుంది. మృగశిర కార్తె దాటి చేలలో దుక్కులు మొదలుకాగానే ట్రాక్టరు చక్రాలకు అంటిన రేగడి రోడ్డెక్కుతుంది. తడిసిన రేగడి సబ్బు వంటిదని ఆ చేలలో నడిచిన ఎవరిని అడిగినా చెబుతారు. తాండూరు దగ్గరపడితే నాపరాయి. గనుల నుండి బండలు మోసే లారీలు, పాలిషింగు యూనిట్ల నుండి వచ్చే రాతిపొడి. ఎండల్లో ఆ పొడి గాలిలో లేచి కళ్ళలో పడుతుంది, తొలి వానకు రోడ్డు మీద పలుచని పేస్టు అవుతుంది. లారీల నుండి కారిన డీజిలు, అరిగిన టైర్ల రబ్బరు అందులో కలుస్తాయి. కుండపోత కురిస్తే ఇదంతా కడుక్కుపోతుంది. ప్రమాదమంతా తొలి జల్లు పడిన అరగంటలోనే. ఆ అరగంటలో వేగం తగ్గించే లారీ డ్రైవర్లను ఆ దారిలో చూశాను. హారను కొట్టి వారిని దాటుకుపోయే జీపులనూ చూశాను.

గాలి సంగతి కూడా చెప్పాలి. బురదలో టైరు పరుచుకోవడానికి గాలి తగ్గించడం తెలివైన పనే. అదే గాలితో ఇంటికి బయలుదేరడం తెలివితక్కువ. 1960లలో నాసాలో వాల్టర్ హార్న్ విమానపు టైర్ల మీద ప్రయోగాలు చేసి, నీటి మీద టైరు తేలిపోయే వేగానికి ఒక సూత్రం చెప్పాడు. గాలి పీడనాన్ని పౌండ్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని పదహారున్నర చిల్లరతో గుణిస్తే వేగం కిలోమీటర్లలో వస్తుంది. 36 పౌండ్లకు సుమారు 100, 25 పౌండ్లకు 83, 16 పౌండ్లకు 67. జీపుకు ఈ అంకెలు అచ్చంగా వర్తించవు. గాళ్ళ లోతు, టైరు వెడల్పు, నీటి లోతు వాటిని మారుస్తాయి. దారి మాత్రం స్పష్టం: గాలి తగ్గితే తేలే వేగం తగ్గుతుంది. పదహారు పౌండ్లతో మన్నెగూడ వైపు దౌడు తీసేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. వెడల్పు టైరు తొలగించవలసిన నీరు కూడా ఎక్కువే. పాత జీపుతో వచ్చిన 6.00-16 సన్నటైరును చూసి నవ్వి తీసేస్తారు గానీ, వాన రోడ్డు మీద ఆ సన్నదనానికి ఒక అర్థముంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అరగని టైరు. మీరు సరిగానే చదివారు. రోజూ తిరిగే బండి టైరు మూడు నాలుగేళ్ళలో అరిగి, మార్చక తప్పదు. సరదా జీపు ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. పదేళ్ళయినా గడ్డలు కొత్తవాటిలా నిలిచే ఉంటాయి. లోపల రబ్బరు మాత్రం ఎండకూ గాలికీ గట్టిపడి, చెప్పు అట్టలా తయారవుతుంది. పొడి రోడ్డు మీద ఆ తేడా తెలియదు, తడి రోడ్డు మీదే తెలుస్తుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం, ఇరవైమూడవ వారంలో తయారయిందని. మూడంకెలే ఉంటే అది 2000కు ముందరిది, దాన్ని మ్యూజియంకు ఇవ్వవచ్చు. మన మోటారు వాహనాల నియమాల్లో 94వది టైరు గాళ్ళ లోతు కార్లకు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదంటుంది. రబ్బరు వయస్సు ఊసెత్తదు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషను పొడిగించేటప్పుడు తనిఖీ జరుగుతుంది గదా, ఆ నాలుగంకెలను చూసి ఒక గడి నింపడానికి ఎంతసేపు? కొత్త టైర్లకు తడి పట్టు ప్రమాణాలను కేంద్రం 2022లో ప్రకటించింది. మంచిదే. పాత బండి కింద పాత టైరు ఆ ప్రమాణాల కంట పడదు.

"అయితే బురద టైర్లు వదిలేయమంటారా?" అని అడుగుతారు. వారంలో ఆరు రోజులు గారేజీలో ఉండి, ఏడో రోజు నూటయాభై కిలోమీటర్ల తారు, నాలుగు కిలోమీటర్ల బురద తొక్కే బండికి టైరు దేనికోసం కొనాలి? నా సమాధానం: తారు కోసం. చీలికలున్న సాధారణ టైర్లు, తయారై ఐదారేళ్ళు దాటనివి, కంపెనీ చెప్పిన వెడల్పులో. నాలుగు కిలోమీటర్ల బురదలో దిగబడితే తాడు కట్టి లాగే మిత్రులు పక్కనే ఉంటారు, ఫోటోలు కూడా బాగా వస్తాయి. ఘాటు దిగేటప్పుడు దిగుడు మొదలుకాక ముందే గేరు తగ్గించుకోవాలి. దిగుడు మధ్యలో గేరు తగ్గించి క్లచ్చి ఒక్కసారిగా వదిలితే ఇంజను బిగింపు వెనుక చక్రాల మీదే పడి, అవి బ్రేకు వేసినట్టే జారుతాయి. ఇది ఆ దారిలో తిరిగే పాత డ్రైవర్లందరికీ ఎవరూ చెప్పకుండానే తెలిసిన విద్య.

ఇదంతా జీపు ఉన్నవారి సొంత గొడవ అయితే నేనింత రాయను. ఎవరి ప్రాణం వారిష్టం అనవచ్చు. కానీ ఆ ఘాటులో గుడికి నడిచివెళ్ళే ముసలమ్మలుంటారు, మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఆడవాళ్ళుంటారు, ధారూరు నుండి నలుగురిని ఎక్కించుకొని వచ్చే ఆటోలుంటాయి. టన్ను బరువు జీపు అడ్డం తిరిగి వస్తే పక్కకు తప్పుకోవడానికి వారికి రోడ్డు అంచు తప్ప మరేమీ లేదు.

చివరగా వాగులు. టైరుకు పట్టు వచ్చేది బరువు నుండి, నీరు ఆ బరువునే మోసేస్తుంది. జీపు అడుగుభాగం సుమారు ఐదు చదరపు మీటర్లు అనుకుంటే, నేల తాకిన తరువాత నీరు పెరిగే ప్రతి పది సెంటీమీటర్లకు అయిదు వందల కిలోల భారం తేలికవుతుంది. లోపలికి నీరు చొరబడితే కొంత తిరిగి దిగుతుంది గానీ, అప్పటికే ప్రవాహం పక్కకు తోస్తుంటుంది. 2021 ఆగస్టు చివర్లో ఈ జిల్లాలోనే, మర్పల్లి మండలం తిమ్మాపూర్ వాగులో పెళ్ళివారి కారు కొట్టుకుపోయి నవవధువు సహా ప్రాణాలు పోయాయి. అది జీపు కాదు, మామూలు కారు. జీపయితే దాటేదని ఆ రోజుల్లో కొందరు అనగా విన్నాను. ఎత్తు ఒక జానెడు ఎక్కువ, అంతే. కాగ్నా పొంగినప్పుడు ఆ జానెడు ఎంతసేపు నిలుస్తుంది? అంతగా తాండూరు చేరవలసిన పనే ఉంటే వికారాబాదు జంక్షనులో రైలుంది.