ఇల్లు కొనేటప్పుడు గాలి మాట అడగరేం?

మన తిరుమలగిరిలో ఇల్లు కొనేవారు ఏమేమి అడుగుతారో మీకు తెలుసు గదా! కాగితాలు సరిగ్గా ఉన్నాయా, బోరులో నీళ్ళెన్ని అడుగుల్లో పడ్డాయి, వాకిలి ఏ దిక్కు, ఈశాన్యం పెరిగిందా? ఇన్ని అడిగిన పెద్దమనిషి ఆ ఇంట్లో పీల్చబోయే గాలి సంగతి మాత్రం అడగడు.

అమెరికాలో ఉన్న నా పాత విద్యార్థి ఒకడు ఆ మధ్య అక్కడ ఇల్లు కొన్నాడు. "బేరం కుదిరింది సార్, రేడాన్ పరీక్ష ఫలితం రావాలి" అన్నాడు ఫోనులో. తలుపులు, కిటికీలు మూసి, బొగ్గు ఉన్న చిన్న డబ్బాను రెండు రోజులు ఇంట్లో ఉంచారట. రేడాన్ ఎక్కువే వచ్చింది. అమ్మేవాడే ఖర్చు పెట్టుకుని బాగుచేయించాడు.

ఏమిటీ రేడాన్? రాళ్ళలో కొద్దిగా యురేనియం ఉంటుంది. అది క్రమంగా విచ్ఛిన్నమై రేడియం అవుతుంది, రేడియం నుండి రేడాన్ వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. నేల పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. 3.8 రోజుల్లో అందులో సగం పొలోనియం వంటి ఘన పదార్థాలుగా మారుతుంది. ఇవి ఊపిరితిత్తులకు అంటుకుని ఆల్ఫా కణాలను వదులుతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే కేన్సర్ రావచ్చు. పొగ తాగేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

1984లో పెన్సిల్వేనియాలో ఒక వింత జరిగింది. స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు అణు విద్యుత్ కేంద్రంలోకి వస్తుంటే అక్కడి రేడియేషన్ గంటలు మోగాయి. ఆ కేంద్రం అప్పటికింకా నిర్మాణంలోనే ఉంది! వెతికితే ఆ రేడియేషన్ ఆయన తన ఇంటినుంచి మోసుకొచ్చినదని తేలింది.

మరి మన సంగతి? మనది గ్రానైటు నేల. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలున్నాయి. అంతమాత్రాన మన ఊరి ఇళ్ళలో రేడాన్ ఎక్కువని నేననను. కొలవకుండా ఎక్కువని అనడం ఎంత తప్పో, లేదని అనడమూ అంతే తప్పు. నీళ్ళలోని ఫ్లోరైడు కూడా కంటికి కనిపించేది కాదు. మన జిల్లాలో ఎందరి నడుములు వంగాయో మీ తాతలను అడగండి.

పాత పెంకుటిళ్ళలో గాలి ధారాళంగా ఆడేది, రేడాన్ నిలిచేది కాదు. ఇప్పుడు కిటికీలు బిగించి ఏసీ పెడుతున్నాము. మన గోడలకు బిగించే ఏసీ బయటి గాలిని తేదు, లోపలి గాలినే చల్లబరుస్తుంది. ఈ మాట చెబితే మా వీధిలో చాలామంది నమ్మరు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఘనమీటరు గాలికి 100 బెక్వెరల్‌ల హద్దు సూచించింది. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరల్. హద్దు దాటితే ఇల్లు వదిలిపోనక్కరలేదు. గచ్చుకు రంధ్రం చేసి, గొట్టం దింపి, చిన్న ఫ్యానుతో కింది గాలిని ఇంటికప్పు పైకి పంపేస్తే సరి. పగుళ్ళు పూడ్చాలి, కిటికీలు తెరవాలి.

మన దేశంలో ఇల్లు రిజిస్టరు చేసేటప్పుడు ఈ పరీక్ష ఎవరూ అడగరు. యురేనియం ఉన్న ప్రాంతాల్లోనైనా అడగాలని నా అభిప్రాయం. పెద్ద యంత్రాలేమీ అవసరం లేదు. చిన్న గిన్నెలో ప్రత్యేకమైన ప్లాస్టిక్ ఫిల్ము ముక్క పెట్టి మూడు నెలలు ఇంట్లో వేలాడదీస్తారు. ఆల్ఫా కణాలు దానిమీద గీతలు పెడతాయి. సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో ఉంచితే ఆ గీతలు పెద్దవవుతాయి. మీరు బడిలో ఉల్లిపొర చూస్తారే, అలాంటి సూక్ష్మదర్శిని కింద వాటిని లెక్కపెట్టవచ్చు.