అంకె చెబితేనే నమ్ముతారా?

రెండేళ్ళుగా అలసటని మొత్తుకుంటుంటే డాక్టరుగారు ‘ఎక్కువ ఆలోచిస్తున్నావమ్మా’ అన్నారు. జుట్టు రాలుతోందంటే బయోటిన్ మాత్రలు రాశారు. చివరికి నేనే ల్యాబు కుర్రాణ్ణి ఇంటికి పిలిపించుకుని రక్తం ఇచ్చాను. టి.ఎస్.హెచ్. మామూలుగానే వచ్చింది. బయోటిన్ ఆ అంకెను తగ్గించి చూపగలదని, కనీసం రెండు రోజుల ముందే ఆపాలని ఎవరూ చెప్పలేదు. ఆపి మళ్ళీ చేయిస్తే 18! సాధారణంగా 4, 5 దాటకూడదు. ఆ కాగితం చూశాకే నా అలసటను జబ్బుగా ఒప్పుకున్నారు.

ఇంటి పరీక్షతో నాకు పేచీ లేదు. థైరాయిడ్ జబ్బులు మగవాళ్ళకన్నా మనకే ఎన్నో రెట్లు ఎక్కువని వైద్యశాస్త్రమే చెబుతోంది. అయినా స్త్రీ మాట చెవికెక్కదు, అంకే ఎక్కుతుంది. మొదటిసారి చెప్పినప్పుడే ఆ పరీక్ష రాయడం వైద్యుల బాధ్యత. దాన్ని మన అనుమానానికీ, మన పర్సుకూ వదిలేసి స్వేచ్ఛ అనకండి.