లంఖణం దాకా సరే, ఆ తర్వాత?

జ్వరం తగిలినవాడికి మన ఇళ్ళల్లో మొదట దొరికేవి రెండు: ఒక గ్లాసు కషాయం, ఒక సామెత. కషాయం మిరియాలదో, శొంఠిదో, ధనియాలదో కావచ్చు. సామెత మాత్రం మారదు, లంఖణం పరమౌషధం! చిన్నప్పుడు మా నాయనమ్మ నా నుదుటి మీద చెయ్యివేసి, "పొట్ట చెడితేగాని ఒళ్ళు కాలదురా నాయనా! ఈ పూటకి వీడికేమీ పెట్టకండర్రా" అనేది. సైన్సు గ్రూపులో చేరాక ఆ మాటకి నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు. అలాగని పూర్తిగా తల ఊపడమూ లేదు.

2023 డిసెంబరులో, పరీక్షల ముందు, మా గదిలోని మిత్రుడికి జ్వరం వచ్చింది. సాయంత్రానికి పెరిగేది, తెల్లారేసరికి కాస్త తగ్గినట్లుండేది. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళమ్మగారు కషాయం, లంఖణం అన్నారు. ఇంకేం, మేమంతా డాక్టర్లమైపోయాం. మెస్సు వంటాయన్ని బతిమాలి శొంఠి దంచాం, తులసాకులు కోసుకొచ్చాం. నాలుగు రోజులు వాడి కడుపులో మెతుకు పడనివ్వలేదు. ఐదోనాడు మాలోనే ఒకడు మందుల షాపుకెళ్ళి, డాక్టరు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చాడు. రెండు వేసుకోగానే తగ్గినట్లనిపించింది. మిగతావి మానేశాడు. మేమూ ఊరుకున్నాం. మళ్ళీ తిరగబెట్టింది. పదిహేడోనాటి రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఆటోలో ఆస్పత్రికి మోసుకుపోయాం. టైఫాయిడ్, పేగుకి చిల్లుపడింది అన్నారు. ఆపరేషన్ చేసి బతికించారు. వాడికి ఒక ఏడాది చదువు పోయింది.

టైఫాయిడ్ ఒళ్ళంతా కాల్చినా దాని కాపురం పేగులోనే సుమా! కలుషితమైన నీళ్ళతోనో తిండితోనో లోపలికి వెళ్ళిన సూక్ష్మజీవి చిన్నపేగు చివరి భాగంలో తిష్ఠ వేస్తుంది. సరైన మందు పడకపోతే అక్కడ పుండ్లు పడతాయి. ఆ పుండ్లు చిల్లులయ్యేది సాధారణంగా మూడోవారం ప్రాంతంలో. అంటే పొట్టకీ జ్వరానికీ నాయనమ్మ వేసిన ముడి ఇక్కడ అక్షరాలా నిజం. కాని ఆ జీవిని చంపే శక్తి కషాయానికి లేదు. వేడివేడిగా తాగితే గొంతుకి హాయి, చెమటపడితే ఒంటికి తేలిక, ఒంట్లోకి నాలుగు గుక్కల నీరు. అంతవరకే.

మరి లంఖణమో? చరక సంహితలో జ్వర చికిత్స చెప్పినచోట కొత్త జ్వరానికి మొదటిమాట లంఖణమే. అయితే ఆ వెంటనే మినహాయింపులున్నాయి. ధాతుక్షయం వల్ల, వాతం వల్ల, భయం, శోకం, శ్రమ వల్ల వచ్చిన జ్వరాలకు అది కూడదు. మిగతావాటికైనా రోగి బలం చెడనంతవరకే. ఆపైన యవాగువు పట్టాలి, అంటే మన జావే. మనకి సామెత మిగిలింది, షరతులు జారిపోయాయి!

నాయనమ్మకి ఆ శ్లోకాలు తెలియవు గాని షరతులు తెలుసు. ఒక పూట, మహా అయితే రెండు పూటలు. జ్వరంలో ఒళ్ళే ఆకలిని అణుస్తుంది, జీర్ణకోశం మందగిస్తుంది, కనుక ఆపాటి విరామం తప్పుకాదు. ఆ తర్వాత పాతబియ్యం గంజిలో ఉప్పువేసి పట్టేది. ఆ గంజిలోని పిండి పేగులో గ్లూకోజుగా విడిపోయి, ఉప్పునీ దాంతోపాటు నీటినీ ఒంట్లోకి లాక్కుపోతుంది. ఓఆర్ఎస్ పనిచేసే సూత్రమూ అదే. పైగా జ్వరం ఒక డిగ్రీ సెంటిగ్రేడు పెరిగితే శరీరం ఖర్చు 10 శాతానికి పైగా పెరుగుతుంది. ఖర్చు పెరిగినవాడికి నాలుగు రోజులు జమ లేకుండా చేశాం మేము.

కషాయాన్ని వెక్కిరించి మాత్రల అట్ట చింపేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. చాలా జ్వరాలు వైరస్ వల్ల వచ్చేవి. వాటికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు సరికదా, పేగులో మనకి మేలుచేసే సూక్ష్మజీవుల్ని కూడా ఊడ్చేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. అవసరమైన చోటేమో రెండు మాత్రలతో ఆపేసి, చావని క్రిములకి మందును తట్టుకోవడం నేర్పుతాం. ఏ తెలివి ఎక్కువ? నాయనమ్మదా, మనదా?

మిత్రులారా, యూనియన్‌కి నా మనవి ఒకటే. ఈసారి వార్షికోత్సవం లైటింగులో కొంత మిగిల్చి హాస్టల్ నీళ్ళ ట్యాంకు కడిగించండి. హైదరాబాదులోనే తయారవుతూ, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన టైఫాయిడ్ టీకా ఉంది. దాన్ని మనవాళ్ళకి వేయించే ఏర్పాటు గురించి డాక్టర్లని అడగండి. జ్వరం మూడోరోజు దాటితే రోగిని రక్తపరీక్షకి తీసుకువెళ్ళే బాధ్యత ఫ్లోరుకొకరికి అప్పగించండి. మూడురోజులు కాకముందే విడవని వాంతులో, కడుపునొప్పో, మగతో కనిపిస్తే అసలు ఆగొద్దు. అన్నట్లు, హాస్టల్‌కి థర్మామీటరు ఉందిట. వార్డెన్‌గారి బీరువాలో ఉంది. తాళంచెవి ఆయన ఇంట్లో.