సౌండ్ కార్డు మంచిదే... చెవుల సంగతేమిటి?

తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయుడు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. ఇంజనీరింగు చదువుతున్న వారి అబ్బాయి చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కంప్యూటరులో ఖరీదైన సౌండ్ కార్డు పెట్టించుకున్నాడట. రాత్రి భోజనాలయ్యాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని పన్నెండు దాటేదాకా పాటలు వింటాడట.

"సంగీతం వినడానికి మాకు అభ్యంతరం లేదు డాక్టరుగారూ. కాని ఆ కార్డు వచ్చిన అట్టపెట్టె మీద 124 డెసిబెల్స్ అని అచ్చువేసి వుంది. 120 దాటితే చెవులు పాడవుతాయని బళ్ళో పిల్లలకు నేనే పాఠం చెబుతాను. ఇప్పుడు వారం రోజులుగా చెవుల్లో కీచురాళ్ళు అరుస్తున్నట్టుందని వీడంటున్నాడు. కార్డు తీసి పారెయ్యమన్నాను. అది చెవికి సంబంధించిన లెక్క కాదు నాన్నా అంటాడు. పది రోజులుగా మా ఇద్దరికీ మాటలు లేవు" అని వారి బాధ. ఊళ్ళోనే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించి తీయించిన ఆడియోగ్రామ్ నకలు కూడా జతచేశారు. చాలా మంచి పని చేశారు.

ముందు ఆ 124 సంగతి తేల్చేద్దాం. ఈ విషయంలో అబ్బాయి చెప్పిందే నిజం, మాస్టారూ. ఆ అంకె శబ్దం ఎంత పెద్దదో చెప్పేది కాదు. కార్డు ఇవ్వగలిగిన గట్టి సంకేతానికీ, ఆ కార్డులో సహజంగా వుండే 'సుయ్' మనే రొదకూ మధ్య దూరం అది. పంచె ఎంత తెల్లగా వుందో చెప్పే అంకె అన్నమాట, ఎంత పొడుగుందో చెప్పేది కాదు. 124 అంటే రొద దాదాపు లేనట్టే. సంగీతప్రియులు అంత డబ్బు పోసి కొనేది ఆ నిశ్శబ్దం కోసమే.

అబ్బాయి మీద నా ఫిర్యాదు వేరే వుంది. మీరు భయపడనవసరం లేని అంకెను చూసి భయపడ్డారు. భయపడవలసిన అంకె అతని కళ్ళ ముందే వున్నా అతను పట్టించుకోలేదు. అదేమిటో తెలుసుకోవడానికి నేను అతనికి మూడు ప్రశ్నలు వ్రాశాను. నీ హెడ్‌ఫోన్లు ఎన్ని ఓమ్‌లవి? కార్డు తాలూకు తెర మీద 'గెయిన్' అనే చోట ఏది ఎంచుకున్నావు? రోజుకు ఎన్ని గంటలు వింటావు? వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఆ జవాబులో మొత్తం కథ వుంది. అది చెప్పేముందు, ఇంట్లో ఇలాంటి కార్డు లేనివారి కోసం రెండు మాటలు.

కంప్యూటరులో పాట అంకెల రూపంలో వుంటుంది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు లెక్క ప్రకారం సెకనుకు 44,100 అంకెలు, కుడి చెవికి వేరే, ఎడమ చెవికి వేరే. ఆ అంకెలను విద్యుత్తుగా మార్చి హెడ్‌ఫోన్లకు పంపడం సౌండ్ కార్డు పని. 1989లో సింగపూరు క్రియేటివ్ కంపెనీ వారి సౌండ్ బ్లాస్టర్ వచ్చినప్పుడు దాన్ని ఎక్కువగా ఆటల కోసం కొన్నారు. ఇప్పుడు ప్రతి కంప్యూటరులోనూ ఈ పని చేసే చిన్న చిప్పు ఎలాగూ వుంటుంది. అయినా విడిగా కార్డు కొనేవారు రెండు కారణాలు చెబుతారు. ఒకటి, ఇందాక చెప్పిన నిశ్శబ్దం. రెండవది, బలం. స్టూడియోలలో వాడే రకం హెడ్‌ఫోన్లు కొన్ని 300 ఓమ్‌లు, కొన్ని 600 ఓమ్‌లు వుంటాయి. మామూలు చిప్పుకు వాటిని మోగించే శక్తి చాలదు. అందుకని మంచి కార్డుల్లో ప్రత్యేకంగా హెడ్‌ఫోన్ ఆంప్లిఫయరు పెడతారు.

మచ్చుకి, 2009లో ఆసస్ వారు తెచ్చిన జోనార్ ఎసెన్స్ ఎస్‌టిఎక్స్ కార్డునే తీసుకోండి. దానిలో గెయిన్‌కు మూడు మెట్లు వున్నాయి. 64 ఓమ్‌ల లోపు హెడ్‌ఫోన్లకు మొదటి మెట్టు, సున్నా. 64 నుంచి 300 దాకా రెండవది, 12 డెసిబెల్స్ ఎక్కువ. ఆ పైన 600 దాకా మూడవది, 18 డెసిబెల్స్ ఎక్కువ. ఏ హెడ్‌ఫోన్లకు ఏ మెట్టో పక్కనే వ్రాసి వుంటుంది. తప్పు పట్టడానికి లేదు.

ఇక అబ్బాయి కథ. అతని కార్డులోనూ ఇలాంటి మెట్లే వున్నాయి. అతని సొంత హెడ్‌ఫోన్లు 32 ఓమ్‌లవి. సంక్రాంతి సెలవుల్లో స్నేహితుడి దగ్గర 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు అరువు తెచ్చుకుని, వాటికోసం చివరి మెట్టు ఎక్కించాడు. వాటిని తిరిగి ఇచ్చేశాడు గాని మెట్టు దిగడం మరిచిపోయాడు. సొంత హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ఒక్కసారి అదిరిపడ్డాడట. వాల్యూము కొంచెం తగ్గించాడు, అంతే. "ధ్వని ఎంతో నిండుగా, స్పష్టంగా అనిపించింది సార్. తెర మీద వాల్యూము 40 దాటనివ్వలేదు" అని వ్రాశాడు. రోజుకు నాలుగు గంటలు, రెండు నెలలు.

ఆ 40 అనే అంకె కేవలం మీటరు మీద గీత. నీళ్ళ కుళాయి సగమే తిప్పానంటే లాభమేముంది, వెనుక ట్యాంకు ఎంత ఎత్తున వుందో చూడాలి గదా!

డెసిబెల్స్ లెక్క మన కూడికల లెక్క వంటిది కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే చెవిలోకి చేరే శక్తి రెట్టింపవుతుంది. 12 పెరిగితే 16 రెట్లు. 18 పెరిగితే సుమారు 63 రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు 75 డెసిబెల్సే. ఆ పైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతూ పోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు. 92 అయితే రెండున్నర గంటలు. 98కి చేరితే వారం మొత్తానికి 40 నిమిషాలు కూడా మిగలవు. మన అబ్బాయి 18లో 6 తగ్గించి 12 వుంచేశాడనుకున్నా, వారానికి రెండున్నర గంటలు వినవలసినవాడు 28 గంటలు వింటున్నాడు.

మరి చెవి నొప్పి పెట్టలేదే, అని మీరడగవచ్చు. చెవిలో కర్ణభేరి వెనుక, ఇంకా లోపల, నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం వుంది. దానిలో ఒక్కొక్క చెవికి సుమారు 15 వేల వెంట్రుక కణాలు వుంటాయి. ధ్వనిని నాడికి అందించేవి అవే. పుట్టినప్పుడు ఎన్ని వున్నాయో అన్నే, చచ్చిపోయినది మళ్ళీ పుట్టదు. శబ్దం నొప్పి కలిగించే స్థాయికి చాలా ముందే అవి అలిసిపోతాయి. చెవిలో దూది పెట్టినట్టు మందంగా అనిపించడం, గుయ్‌మనడం ఆ అలసటే. ఒకటి రెండు రోజుల్లో తగ్గితే ఏమీ కాలేదని మా రోజుల్లో పాఠం చెప్పేవారు. 2009లో హార్వర్డుకు చెందిన కుజావా, లిబర్మన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలలో చూసిందేమంటే, వినికిడి పూర్తిగా తిరిగివచ్చినట్టు కనిపించినా వెంట్రుక కణాలకూ నాడికీ మధ్య అతుకులు చాలా వరకు పోయి, తిరిగి రాలేదని. మనుషుల్లో ఇది ఎంతవరకు జరుగుతుందో ఇంకా పరిశోధిస్తున్నారు. తగ్గిపోయింది గదా అని ధీమా పడే రోజులు మాత్రం పోయాయి.

పెళ్ళి పందిట్లో నాసిరకం మైకు గట్టిగా పెడితే గరగరమంటుంది, ఎవరో ఒకరు లేచి తగ్గించమంటారు. చవక హెడ్‌ఫోన్లు కూడా అంతే, ఎక్కువ పెడితే చీరుకుపోయినట్టు మోగుతాయి. ఆ గరగరే మనకు హెచ్చరిక. మంచి కార్డులో, మంచి హెడ్‌ఫోన్లలో ఆ గరగర వుండదు. ఎంత పెంచినా తేనెలాగే వుంటుంది. అందుచేత ఖరీదైన సామాను వాడేవాళ్ళు మరింత జాగ్రత్తగా వుండాలి. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు.

ఇంకొక మోసం వుంది. తక్కువ వాల్యూములో మన చెవికి మృదంగం అడుగు నాదం సరిగా వినిపించదు. ఇది చెవి స్వభావం. 1933లోనే ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. అందువల్ల కాస్త పెంచగానే పాట "నిండుగా" మారినట్టుంటుంది. రెండు కార్డులను పోల్చి చూసేటప్పుడు కూడా రవ్వంత గట్టిగా మోగేదే మేలైనదనిపిస్తుంది. నాదం చాలలేదనిపిస్తే ఈక్వలైజరులో కింది స్వరాలను మాత్రం కొద్దిగా పెంచుకోండి, మొత్తం వాల్యూమును కాదు.

సెకనుకు 1,92,000 అంకెల పాటలంటూ కొందరు పెద్ద పెద్ద ఫైళ్ళు సేకరిస్తుంటారు. మనిషి చెవికి పై హద్దు 20,000 హెర్ట్జ్, అదీ చిన్నతనంలో. నా వయస్సు యాభై దాటింది. మొన్న సరదాగా పరీక్షించుకుంటే 12,000 పైన నాకు ఏమీ వినిపించలేదు. నాకు అలాంటి ఫైళ్ళు వినిపించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే! కాంపాక్ట్ డిస్కు లెక్క మనకు చాలు.

కరెంటు గురించి ఒక ముఖ్యమైన సంగతి. కంప్యూటరును ఇంట్లోని పెద్ద ఆంప్లిఫయరుకు కలిపితే స్పీకర్లలో 'హమ్' అని మోత రావడం మామూలే. మా బావమరిది ఇంట్లో ఈ మోత పోగొట్టడానికి ఒక మెకానిక్ ప్లగ్గులోని ఎర్త్ తీగ ఊడదీశాడు. మోత పోయింది. ఆ తరువాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటరు డబ్బా మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. ఎర్త్ లేని డబ్బా మీద దాదాపు 115 వోల్టులు తేలుతూ వుండవచ్చు. మామూలుగా అది చురుక్కుమనడంతో పోతుంది. కాని లోపల ఏదైనా తీగ తెగి తగిలిన రోజున కాపాడవలసింది ఆ ఎర్తే. దయచేసి దాన్ని ముట్టుకోవద్దు. కార్డుకు ఆప్టికల్ సాకెట్టు వుంటే, ఆంప్లిఫయరుకూ వుంటే, ఆ కేబులుతో కలపండి. దానిలో వెలుగు తప్ప కరెంటు పోదు కాబట్టి మోతా వుండదు.

ఇప్పుడు ఆడియోగ్రామ్ చూద్దాం. మాస్టారూ, రెండు చెవుల్లోనూ అన్ని స్వరాల దగ్గరా గీత బాగానే వుంది. 4,000 హెర్ట్జ్ దగ్గర మాత్రం 30 డెసిబెల్స్‌కు దిగి, 8,000 దగ్గర మళ్ళీ పైకి లేచింది. ఈ గుంట శబ్దం వల్ల కలిగే దెబ్బకు గుర్తు. ఇప్పుడు మాటలు వినడంలో అతనికి తేడా తెలియదు. గుంట వెడల్పయితే స, శ, ష వంటి అక్షరాలు మసకబారుతాయి. అప్పుడు మాట వినబడుతుంది గాని అర్థం కాదు. ఇప్పుడు కనిపిస్తున్న దానిలో అలసట ఎంత, శాశ్వత నష్టం ఎంత అన్నది ఈ ఒక్క కాగితం చూసి చెప్పలేను.

కార్డు పారెయ్యనక్కరలేదు. ఒక నెల హెడ్‌ఫోన్లు పూర్తిగా మానమనండి. గెయిన్ మొదటి మెట్టుకు దించి అక్కడే వుంచమనండి. నెల తరువాత మళ్ళీ ఆడియోగ్రామ్ తీయించండి. పరీక్షకు ముందు రోజంతా పెద్ద శబ్దాలకు దూరంగా వుండాలి. ఆ తరువాత వినాలనుకుంటే, నిశ్శబ్దంగా వున్న గదిలో సున్నా నుంచి మొదలుపెట్టి, హాయిగా వినిపించిన చోట ఆపి, ఆ గుర్తు దాటకూడదు. ఫ్యాను హోరును మించి వినబడాలని పెంచడం అందరూ చేసే పొరపాటే. చెవులను పూర్తిగా కప్పే రకం అయితే హోరు తగ్గుతుంది, వాల్యూమూ తగ్గించుకోవచ్చు. మీ సెల్‌ఫోను వారానికి ఎంత శబ్దం విన్నారో లెక్క చూపవచ్చు గాని, కంప్యూటరు కార్డు సాధారణంగా ఆ లెక్క కట్టదు. ఎవరి లెక్క వారే చూసుకోవాలి.

చెవిలో వెచ్చని నూనె పొయ్యవద్దు. నరాల బలానికని అమ్మే మాత్రలు చచ్చిన వెంట్రుక కణాలను లేపలేవు, డబ్బు దండుగ. ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి బాగా తగ్గిందా, అప్పుడు మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు. అది అత్యవసరం. త్వరగా స్టెరాయిడ్ మందు మొదలుపెడితే వినికిడి తిరిగివచ్చే అవకాశం వుంది. రోజులు గడిచేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

రెండవ ఆడియోగ్రామ్ నకలు నాకు తప్పక పంపండి. 124 విషయంలో అబ్బాయిదే ఒప్పని వ్రాశాను గనుక, ముందు మాట మీరే కలపండి, మాస్టారూ.