పేగు మీద నేరం ఇంకా రుజువు కాలేదు

అల్జీమర్స్ రోగుల పేగుల్లోని బ్యాక్టీరియా తక్కినవారి దానికి భిన్నంగా ఉందని 2017లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. వెంటనే ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది. మతి తప్పిన మనిషి వేళకు తినడు, పెద్దగా నడవడు, గుప్పెడు మాత్రలు మింగుతుంటాడు. వీటిలో ఏదైనా పేగును మార్చగలదు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఆ పని చేస్తుందని తేలింది కూడా. దీనికి సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2023లో సగం జవాబు ఇచ్చింది. జ్ఞాపకశక్తి చెక్కుచెదరని 164 మందిని పరీక్షిస్తే, 49 మందిలో అల్జీమర్స్ తొలి జాడలు బయటపడ్డాయి. అందరి తిండీ దాదాపు ఒకటే అయినా ఈ 49 మంది పేగు బ్యాక్టీరియా వేరుగా ఉంది. మరుపే మొదలు కానప్పుడు, జబ్బు వల్ల తిండీ మందులూ మారి పేగు మారిందన్న వాదన నిలవదు. అయితే మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం లక్షణాలకు ఏళ్ల ముందే మొదలవుతుంది. అప్పటి నుంచే మెదడు పేగును ప్రభావితం చేస్తుండవచ్చు.

ఏది ముందో తేల్చడానికి ప్రస్తుతానికి జంతువులే దిక్కు. ఐర్లండ్‌లోని కార్క్ శాస్త్రవేత్తలు రోగుల మలంలోని సూక్ష్మజీవులను కుర్ర ఎలుకలకు ఎక్కిస్తే, వాటి జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనే మరో బృందం, టౌ ప్రొటీన్ వల్ల మెదడు దెబ్బతినేలా జన్యువులు మార్చిన చిట్టెలుకలను ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచింది. వాటి మెదడు చాలా తక్కువగా క్షీణించింది. పేగుకు పాత్ర ఉందనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం లేదు. కానీ అదే ప్రయోగం మరో సంగతీ బయటపెట్టింది. పీచుపదార్థం నుంచి బ్యాక్టీరియా తయారుచేసే కొన్ని కొవ్వు ఆమ్లాలు ఒంటికి మేలు చేస్తాయని ఎంతోకాలంగా వింటున్నాం. వాటిని ఈ చిట్టెలుకలకు ఇస్తే మెదడులోని రోగనిరోధక కణాలు రెచ్చిపోయి నష్టం పెరిగింది. అలాగని మనం పీచు మానేయనక్కర్లేదు, చిట్టెలుక మనిషి కాదు. మంచి బ్యాక్టీరియా, చెడు బ్యాక్టీరియా అంటూ ప్రకటనలు చేసే విభజన మాత్రం ఇక్కడ పనికిరాదు.

‘ప్రోబయోటిక్ గుళిక వేసుకుంటే పోయేదేముంది?’ అని అడగవచ్చు. గుళికల సంగతి అటుంచి, పేగు బ్యాక్టీరియాను సరిదిద్దుతుందంటూ వచ్చిన ఒలిగోమానేట్ మందుకు చైనా 2019లో షరతులతో అనుమతినిచ్చింది. దాని అంతర్జాతీయ ప్రయోగం 2022లో మధ్యలోనే ఆగింది. మరోవైపు, లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో డిమెన్షియాకు, అంటే అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులకు, మనం మార్చుకోగల 14 ముప్పు కారణాలను చెప్పింది. వాటిని అదుపు చేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. ఆ జాబితాలో బీపీ, షుగర్, వినికిడి లోపం ఉన్నాయి. పేగు బ్యాక్టీరియా లేదు. 60 దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసిన మన దేశంలో, చెవి మిషన్ కొనలేక ఊరుకున్న ఇంట్లో గుళికల ఖర్చు మొదలైతే పోయేది తక్కువేమీ కాదు.