ఆయన కావాలని మరచిపోవడం లేదు

పక్షవాతం అంటే చెయ్యి, కాలు పడిపోవడమేనని మనలో చాలామంది అనుకుంటారు. చెయ్యి లేస్తోంది, మాట వస్తోంది, ఇక ఫరవాలేదని రోగిని ఇంటికి తీసుకువెళతారు. నెల తిరిగి పరీక్షకు వచ్చినప్పుడు ఇంటివాళ్ళు మాతో చెప్పుకొనే బాధ వేరు. "నాన్నగారు కావాలనే చేస్తున్నారండీ. టిఫిను తిని గంట కాలేదు, పెట్టలేదంటారు. పాత సంగతులన్నీ జ్ఞాపకమే, పొద్దున చెప్పింది మాత్రం గుర్తుండదట!" ఈ మాట విన్నప్పుడల్లా మాకు కష్టంగా ఉంటుంది. అది మొండితనం కాదు, నటన అంతకన్నా కాదు.

మెదడు బరువు మన శరీరంలో నూటికి 2 వంతులే. అయినా మనం వాడుకొనే ప్రాణవాయువులో సుమారు 20 వంతులు దానికే కావాలి. దాచిపెట్టుకోవడం దానికి చేతకాదు, రక్తం ఎప్పటికప్పుడు తెచ్చి ఇవ్వవలసిందే. రక్తం పూర్తిగా ఆగితే కొద్ది సెకన్లలో స్పృహ తప్పుతుంది, కొన్ని నిమిషాలలోనే నాడీకణాలు చనిపోవడం మొదలవుతుంది. ముందుగా దెబ్బతినేవాటిలో హిప్పోకాంపస్ అనే భాగంలోని కణాలు ఉంటాయి. కొత్త విషయం జ్ఞాపకంగా నిలవాలంటే ఆ భాగమే పనిచేయాలి.

వైద్యగ్రంథాలలో ఆర్.బి. అని పిలిచే ఒక అమెరికా రోగి ఉన్నాడు. 1978లో, 52 ఏళ్ళ వయసులో, గుండె ఆపరేషను తరువాత ఆయన మెదడుకు కొంతసేపు రక్తం సరిగా అందలేదు. తెలివి తగ్గలేదు, మాట చెడలేదు. కొత్తగా విన్నది మాత్రం నిలిచేది కాదు. 5 ఏళ్ళ తరువాత ఆయన మరణించాక మెదడును పరీక్షించారు. జ్ఞాపకానికి సంబంధించి కనిపించిన పెద్ద నష్టం, హిప్పోకాంపస్‌లో రెండువైపులా ఒక సన్నని కణాల పట్టీ మాత్రమే. 1986లో ఈ వివరాలు ప్రచురించారు. అంత చిన్న చోటు పాడైతే అంత పెద్ద లోటు!

పక్షవాతం వచ్చిన అందరికీ ఇలాగే జరగదు. ఏ రక్తనాళం మూసుకుపోయిందన్న దానిని బట్టి ఉంటుంది. కాని పైకి తెలియని చిన్నచిన్న దెబ్బలు ఒకదానిమీద ఒకటి పడినా జ్ఞాపకశక్తి తగ్గుతుంది. కాబట్టి బాగానే ఉంది కదా అని బి.పి. మాత్రలు మానేసేవారిమీద మాకు నిజంగా కోపం వస్తుంది.

ఇంకొక మాట. మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా తెల్లవారనివ్వకండి, పసరు మందుకు పరుగెత్తకండి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క. గడ్డ కరిగించే ఇంజెక్షను మామూలుగా మొదటి నాలుగున్నర గంటలలోపే ఇస్తారు, అదీ సి.టి. స్కాన్ తీశాకనే. 108కి ఫోన్ చేయండి. పది నిమిషాలలో అదే తగ్గిపోయినా సరే, రండి.

ఇంట్లో ఉన్న నాన్నగారి మాటకు వస్తే, పెద్ద అంకెల క్యాలెండరు ఒకటి ఆయన మంచానికి ఎదురుగా తగిలించండి. కళ్ళజోడు, మాత్రల డబ్బా రోజూ ఒకేచోట పెట్టండి. టిఫిను అడిగితే, తిన్నారని నెమ్మదిగా చెప్పండి. మళ్ళీ అడుగుతారు. మళ్ళీ చెప్పండి.